మా ఊరి వరుస

ఆ ఏడు దీపావళి దాటాక, మిల్లు పొగగొట్టంలోంచి మొదటి పొగ లేచిన రోజున, ఒక మనిషి నన్ను "నువ్వేమంటవమ్మా?" అని అడిగాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. తిన్నావా అని, బస్సు ఎందుకు ఆలస్యమైందని అడిగేవాళ్ళున్నారు గానీ, ఒక పని చేయాలో వద్దో నా నోటితో తేలాలని ఎదురుచూసినవాళ్ళు అంతకుముందు లేరు. అందుకేనేమో, ఆ చలికాలం నాకు ఇప్పటికీ మెలకువలో జరిగినట్టు అనిపించదు. పొగమంచులో నడుస్తూ నడుస్తూ ఏదో ఊరు దాటి వచ్చినట్టుంటుంది.

అది 1988. జహీరాబాదులో బొంబాయి రోడ్డు దిగి ఎర్రమట్టి బాటలో కొంతదూరం పోతే చెరుకు మిల్లు. దాని ముందుభాగంలో చెరుకు ఆఫీసు. ఆ ఆఫీసులో ఒక మూలన అద్దాల గది. లోపల కంప్యూటర్. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. వేసవిలో మేనేజరుకు లేని చల్లని గాలి దానికి ఉండేది. హైదరాబాదులో డిప్లొమా చదివి వచ్చిన నేను దాని ముందు కూర్చునేదాన్ని. కోహీరు అవతలి మా ఊరినుంచి పొద్దున బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో తిరిగిపోయేదాన్ని.

నా పని వరుస తయారుచేయడం. ఎవరి చెరుకు ముందు నాటారో వాళ్ళది ముందు కోయాలి. మిల్లు పెట్టిన నియమం అది. ఫీల్డుమాన్లు ఊరూరా తిరిగి రాసుకొచ్చిన చీటీల్లో నాటిన తేదీలుండేవి. అవి చూసి నేను పేర్లు ఎక్కిస్తే, వారానికోసారి కాగితం మీద వరుస అచ్చయి వచ్చేది. దాన్ని బట్టి కోత కూలీల ముఠా ఊళ్ళకు పోయేది. కానీ అచ్చయిన కాగితం బయటికి పోయాక దాని మీద పెన్సిల్ గీతలు పడేవి. పై పేరు కిందికి, కింది పేరు పైకి. బండ్లు కాటా దగ్గరికి వచ్చిన లెక్క నా దగ్గరికి మర్నాడు గానీ చేరదు గనక ఏ గీత ఎవరు గీశారో తేలేది కాదు. తేల్చమని ఎవరూ నన్ను అడగలేదు కూడా.

ఆ రోజు హైదరాబాదునుంచి మదన్‌మోహన్ అనే ఇంజనీరు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. దుమ్ము తగలకుండా ఫ్లాపీలను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చాడు. మూత తీస్తుంటే రొట్టెలు తీస్తాడేమో అనుకున్నాను. వాళ్ళదొక చిన్న కంపెనీ, నలుగురే మనుషులు. కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టం ఒకటి రాస్తున్నారు. ఇంతవరకు మా మిషన్ మీద ఒక్కసారికి ఒక్కరే పని చేయగలిగేవాళ్ళు. కొత్తదానితో కాటా దగ్గర ఇంకొక తెర పెట్టవచ్చు. బండి కాటా ఎక్కగానే నా తెర మీది వరుసలో ఆ పేరు చెరిగిపోతుంది. తేదీ ప్రకారం కూర్చున్న పేరు దానంతట అది కదలదు, పెన్సిల్‌తో కదిలించడానికి వీలుండదు. 

అంతా చెప్పి అతను దాచుకోకుండా అన్నాడు.

"ఇది పూర్తయిన సామాను కాదు. దీన్ని మేం బీటా అంటం. మా దగ్గర మంచిగ నడిచింది. మీ దగ్గర నడుస్తదో ఆగిపోతదో మాకు తెల్వదు. ఆగినప్పుడల్ల మీరు రాసి పెట్టాలె. మేం బాగు జేస్తం."

మేనేజరు ఇంద్రసేన సారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన అతని వంక కాదు, నా వంక చూశాడు. దాని ముందు కూర్చునేది నువ్వు, నువ్వేమంటవమ్మా అన్నాడు. వారం రోజులు ఆలోచించి చెప్పు, వద్దంటే వద్దే అన్నాడు.

ఆ వారం నేను ఎక్కడున్నానో నాకే తెలియదు. పొద్దున బస్సు కిటికీ బయట మంచు కమ్ముకుని ఉండేది. లారీలు దీపాలు వెలిగించుకుని వస్తుంటే, పసుపు రంగు చుక్కలు మొదట పుట్టి తర్వాత వాటి వెనక లారీ పుట్టినట్టుండేది. చెరుకు చేలు రోడ్డుకు రెండుపక్కలా సాళ్ళు సాళ్ళుగా వెనక్కి పోతుంటే తెర మీద పేర్లు పైకి జరుగుతున్నట్టు కనిపించేవి. దిగాల్సిన చోట దిగకుండా కూర్చుంటే ఒకరోజు కండక్టరు, చెరుకు మిల్లు దాటిందమ్మా, బీదర్ పోతవా అని అడిగాడు. మిల్లు దగ్గర ఉడుకుతున్న రసం వాసన గాలిలో తియ్యగా తేలేది. ఆ వాసనలో నడుస్తూ, చేద్దాం అనుకునేదాన్ని. అద్దాల గదిలోకి పోగానే, వద్దులే అనుకునేదాన్ని.

ఇంట్లో ఈ సంగతి నాలుగో రోజున గానీ చెప్పలేదు. మాది ఉమ్మడి ఇల్లు. మా నాయిన సంగయ్య, ఆయన తమ్ముడు సాయన్న, ఇద్దరిదీ ఒకటే పొయ్యి, ఒకటే బావి, మూడెకరాల చెరుకు. పొలం పట్టా నాయిన పేరు మీద ఉండేది. చిన్నాయినకు పిల్లలు లేరు. బీదర్ వైపునుంచి వచ్చిన మా చిన్నమ్మ సీతాబాయి నన్ను తన బిడ్డలాగే పెంచింది. మా అమ్మ నాగమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే ఆమె కాల్చేది. ఆ పొద్దుగూకులవేళ పొయ్యి చుట్టూ అందరూ కూర్చుని ఉండగా, ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో చెప్పడానికి ప్రయత్నించాను. ఇంట్లో పెద్దమనిషి లాంటిదన్నాను. ఎవరు ఏ పని చేయాలో, ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో అదే చూసుకుంటుందని, అది లేవకపోతే ఎవరూ లేవరని చెప్పాను.

"అట్లయితె మా బావ లెక్కనే," అంది చిన్నమ్మ రొట్టె తిప్పుతూ. అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. చిన్నాయిన మాత్రం రొట్టె తుంచుకుంటూ ఉన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చాక నాయిన తన సంగతి చెప్పాడు. పరిశోధన కేంద్రంవాళ్ళు ఏడేళ్ళ కింద కొత్త రకం చెరుకు ఇచ్చినప్పుడు ఆయన చేనంతా నాటలేదు. ముందుగా నాలుగు సాళ్ళలో నాటి చూశాడు. అది కూడా బాట పక్కన, పదిమందికీ కనబడేచోట.

"కొత్తదాన్ని వద్దనొద్దు, ఇల్లంత దాని చేతుల పెట్టొద్దు," అన్నాడు. "నాలుగు సాళ్ళల్ల ఏసి జూడు, బిడ్డా. పోతే మనయి పోవాలె. పక్కోనియి పోవద్దు."

ఆ మాటతో నాకు దారి దొరికింది. మిల్లుకింద నలభై ఊళ్ళున్నాయి. ఒక్క ఊరి వరుసను మాత్రం కొత్తదాని మీద పెడదాం. మిగతా ఊళ్ళన్నీ పాతదాని మీదే ఉంటాయి. ఆ ఒక్క ఊరు మాదే కావాలి. అయితే మా ఊళ్ళో మా ఒక్కరిదే చెరుకు కాదు. ఇంకో పదకొండు ఇళ్ళవాళ్ళున్నారు. వాళ్ళను అడగకుండా ఎట్లా అన్నాను. నాయిన తలూపి, ఐతారం పొద్దున అందర్నీ మా బావి దగ్గరికి రమ్మని కబురంపాడు.

ఆ పొద్దున మంచు ఇంకా విడవలేదు. బావి మోటారు కొట్టు ముందు ఎండ కోసం అందరూ నిలబడ్డారు. నేను చెప్పగలిగినంత చెప్పాను. నడిస్తే ఎట్లుంటుందో చెప్పాను. ఆగిపోతే వరుస చెదిరి కోత ఆలస్యం కావచ్చని కూడా చెప్పాను. చెరుకు పూత వేసి ఎక్కువరోజులు నిలబడితే లోపల బెండు పడుతుందని వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఒకాయన, తయారుగాని బండికి మన ఎడ్లే దొరికినయా అన్నాడు. ఇంకొకాయన, చదువుకున్న పిల్ల చెప్తున్నది గదా అన్నాడు. మాటలు అటూ ఇటూ పోతున్నాయి.

అందరికన్నా వెనక బస్వమ్మ కూర్చుని ఉంది. మొగుడు పోయినప్పటినుంచి ఒక్కతే ఇరవై గుంటలు చేసుకుంటుంది. ఎడ్లు లేవు గనక మా ఎడ్లు కిరాయికి తీసుకునేది. ఆమె చెరుకు ఎప్పుడు నాటినా, ఏటా అందరికన్నా చివర కోతకు వచ్చేది. ఆమె లేచి దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగింది.

"ఆ మిషన్‌కు మనుషుల మొఖాలు కనబడ్తయా, భాగీరథీ?"

"కనబడవత్తా. తేదీ ఒక్కటే కనబడ్తది."

"అయితే పెట్టు. నా మొఖం ఎరుకున్నోళ్ళు పదకొండేండ్ల సంది నన్ను ఆఖరికే పెడ్తున్రు."

ఎవరూ ఒప్పుకున్నామని అనలేదు, వద్దని కూడా అనలేదు. నాయిన, మరి పెడ్తున్నం అన్నాడు. అందరూ ఎవరి చేలకు వాళ్ళు పోయారు. చిన్నాయిన మోటారు కొట్టు వెనకనుంచి వచ్చి, నీళ్ళు మలపడానికి పోయాడు. అంతమందిని అడిగిన మేము అతన్ని అడగలేదన్న సంగతి ఆ రోజు నాకు తోచలేదు.

సోమవారం నాడు ఇంద్రసేన సారుకు చెప్పాను, ఒక్క ఊరే, మా ఊరే అని. ఆయన సరేనన్నాడు. మదన్‌మోహన్ వచ్చి కాటా గదిలో రెండో తెర పెట్టి, గోడ వెంట తీగ లాగాడు. పొద్దున పాత ఫ్లాపీతో మిగతా ఊళ్ళ పని, మధ్యాహ్నం కొత్త ఫ్లాపీతో మా ఊరి పని. ప్రతి సాయంత్రం ఇంకో ఫ్లాపీ మీదికి నకలు తీసి పెట్టమన్నాడు. ఒక నోటుబుక్కు ఇచ్చాడు. ఆగినప్పుడల్లా రాయడానికి.

మొదటి మధ్యాహ్నం గుర్తుంది. అద్దాల గదిలో నేనొక్కదాన్నే. నల్లటి తెర మీద ఆకుపచ్చగా పన్నెండు పేర్లు. నేను ఏమీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి అన్నిటికన్నా పైనున్న పేరు మాయమై, కింది పేర్లన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. కిటికీలోంచి చూస్తే దూరంగా కాటా మీద మా ఊరి బండి నిలబడి ఉంది. ఎడ్ల మెడలో గంటలు ఊగుతున్నాయి గానీ అద్దం వల్ల చప్పుడు వినబడదు. అక్కడ బండి మీది మనిషి దిగకముందే ఇక్కడ పేరు దిగింది.

ఆరు వారాలు అట్లా గడిచాయి. మధ్యలో ఆగింది, మొండికేసింది. నోటుబుక్కులో రాసుకుని మళ్ళీ లేపేదాన్ని. మా ఊళ్ళో ఆ ఆరు వారాలు ఎవరి పేరూ పక్కకు జరగలేదు. ఎవరి జేబులో పెన్సిల్ వాళ్ళ జేబులోనే ఉండిపోయింది. చేలమీద చెరుకు పూత వేయడం మొదలైంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, వెండి కుచ్చుల్లాంటి పూలు ఎండలో మెల్లగా ఊగుతూ, నేల మీద మేఘం దిగి నిలబడ్డట్టుండేది. రైతుకు ఆ పూత మంచి కబురు కాదు. అయినా దాన్ని చూస్తే అందంగా ఉందని అనుకోకుండా ఉండలేకపోయేదాన్ని.

జనవరి రెండో వారంలో ఒక మధ్యాహ్నం కొత్త ఫ్లాపీ పెడితే తెర మీద పేర్లకు బదులు చుక్కలు, గీతలు, ఏ భాషా కాని గుర్తులు వచ్చాయి. ఆర్పి లేపాను. అవే. నకలు తీసిన ఫ్లాపీ పెట్టాను. అందులోనూ అవే. కాటా తెర, నా తెర ఒకే క్షణాన రాసినప్పుడల్లా లోపల ఒకదాని మీద ఒకటి పడి కొంచెం కొంచెంగా చెడుతూ వచ్చిందని, ఆ చెడిందే ప్రతి సాయంత్రం నేను నకలు తీసి దాచానని తర్వాత తేలింది. ట్రంకు కాల్ చేస్తే మదన్‌మోహన్ బొంబాయి పోయాడని, పదిరోజులకు గానీ రాడని చెప్పారు. కోత ముఠా ఎల్లుండి మా ఊరికి రావాలి.

ఇంద్రసేన సారు తిట్టలేదు. పాత చీటీలు తీసి చేత్తో వరుస రాసిపెట్టు అన్నాడు. కానీ ఆ చీటీల్లో తేదీలు ఎంత నిజమో నాకు ఆ ఆరు వారాల్లో తెలిసింది. ఫీల్డుమాన్ ఒకచోట కూర్చుని నాలుగు ఊళ్ళవి ఒకేసారి రాసేవాడు. రైతులు వచ్చి చెప్పినవి నేను మిషన్లో దిద్దాను. ఆ దిద్దినవన్నీ ఇప్పుడు ఆ గీతల్లో కలిసిపోయాయి. ఊళ్ళోకే పోయి, అందరి ముందూ అడిగి రాస్తానన్నాను. సారు జీపు ఇచ్చాడు.

బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఇంకా కోయని చెరుకు ఆరు ఇళ్ళది మిగిలింది. ఒక్కొక్కరూ వచ్చి నాటిన రోజు చెప్తుంటే, పక్కవాళ్ళు ఔను అంటే రాస్తున్నాను. అప్పటికి అందరికీ ఒక సంగతి తెలుసు. ఈ విడతలో మా ఊరికి నలుగురి చెరుకు కోయడానికే ముఠా ఉంటుంది. ఆ తర్వాత ఝరాసంగం వైపు పోతుంది. మళ్ళీ రావడానికి నెలరోజులు పడుతుంది.

ముగ్గురివి తేలాయి. నాలుగోది మాదా, బస్వమ్మదా అన్నది మిగిలింది. పాత చీటీలో ఇద్దరివీ ఒకటే తేదీ, నిరుటి జనవరి పద్దెనిమిది. మిషన్లోనూ అదే ఉండేది. తేదీ ఒకటైతే సర్వే నంబరు చిన్నదున్నవాళ్ళకు ముందు. మాది చిన్న నంబరు. చిన్నాయిన ముందుకు వచ్చి, పద్దెనిమిదే, చీటీల ఉన్నదే గదా అన్నాడు. బస్వమ్మ నా కాగితాన్ని కాదు, నేలను చూస్తోంది. నేను రాయడానికి కలం ఆనించాను.

"పద్దెన్మిది నాడు మన ఎడ్లు బస్వమ్మ చేన్ల ఉండె," అన్నాడు నాయిన. "మనది తెల్లారి నాటినం. పంతొమ్మిదని రాయి."

గొంతు పెంచలేదు. బీడీకి నిప్పు అడిగినట్టు అన్నాడు. చిన్నాయిన ఆయన వంక చూసి, నా వంక చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను పంతొమ్మిది అని రాశాను.

ముఠా వచ్చింది. నలుగురిది కోసింది. బస్వమ్మ ఇరవై గుంటలు ఒకటిన్నర రోజులో అయిపోయాయి. బండ్లు కట్టుకుని వాళ్ళు పోతుంటే ఆమె మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. లోపలికి రమ్మని అమ్మ పిలిస్తే రాలేదు. కాసేపుండి పోయింది.

మా మూడెకరాలూ తెల్లగా పూసి నిలబడ్డాయి. నెల అన్నది నెలా పదిరోజులైంది. కూలీల్లో కొందరు తమ ఊళ్ళకు తిరిగిపోయారు. ముఠా మళ్ళీ వచ్చేసరికి గడ విరిస్తే లోపల దూదిలా ఉంది. సగానికి పైగా మిల్లు తీసుకోనంది. ఆ మాట కాగితం మీద రాసి పంపాల్సింది మా ఆఫీసే. నేనే టైపు చేశాను.

నాయిన ఝరాసంగం దగ్గర్నుంచి ఒక పాత గానుగ తెప్పించి చేనిగట్టున పెట్టించాడు. మిగిలిన చెరుకును బెల్లం వండుదామన్నాడు. నేను వారం రోజులు సెలవు పెట్టాను. ఆ వారం మా ఇంట్లో మాటలు లేవు, పని ఉంది. ఎడ్లు గుండ్రంగా తిరుగుతుండేవి. అమ్మ, నేను గడలు అందించేవాళ్ళం. చిన్నమ్మ పిప్పి ఆరబోసేది. పొద్దున పూట పెద్ద పెనంలోంచి ఆవిరి లేచి మంచుతో కలిసిపోయేది. ఏది ఆవిరో ఏది మంచో తెలిసేది కాదు. అందులో మనుషులు నడుము దాకా కనిపించి, మళ్ళీ మాయమయ్యేవాళ్ళు. పాకం చూడటం చిన్నాయినకే తెలుసు. గరిటెతో తీసి, నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య ఒత్తి చూసేవాడు. బెండు చెరుకు గనక పాకం ఎంత కాగినా గట్టిపడేది కాదు. నల్లగా, మెత్తగా దిగేది. అతను విసుక్కోకుండా మళ్ళీ మంట పెట్టించేవాడు.

మూడో రోజున పెనానికి అటువైపునుంచి అతని గొంతు వినబడింది. మనిషి సరిగ్గా కనబడలేదు.

"అన్నా, హోలీ దాటినంక మేం వేరె వండుకుంటం."

నాయిన మీద తేలిన మడ్డి తీస్తున్నాడు. చేయి ఆగలేదు.

"తారీఖు తప్పు జెప్పమంటలేను," అన్నాడు చిన్నాయిన. "నువ్వు నిజమే జెప్పినవ్. కానీ ఆ చెరుకు నాది గూడ. చెప్పెటందుకు ముందు నా దిక్కు ఒక్కసారి జూస్తే ఏమాయె? నేను గూడ గదే జెప్పమందునేమో."

నాయిన చాలాసేపు మడ్డి తీస్తూనే ఉన్నాడు. చివరికి, సరే సాయన్నా, నీ ఇష్టం అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పెనం దించారు. అది ఒక్కరు దించేది కాదు.

ఆ సాయంత్రం నేను చిన్నాయిన దగ్గరికి పోయి, ఇదంతా నా మిషన్ వల్లనే అన్నాను. అతను నా తల మీద చేయి వేశాడు. ఆ చేయి బెల్లంతో జిగటగా ఉంది. నీ మిషన్ది ఏం లేదు బిడ్డా, వేరె వండుకుంటమనే మాట ఇయ్యాల గాకుంటె రేపైనా అందును అన్నాడు.

హోలీ తర్వాత మా ఇంటి పడమటి అర్రలో రెండో పొయ్యి వెలిగింది. గోడ పెట్టలేదు. చిన్నమ్మ తన రొట్టెల పెనం తీసుకుని పోయింది. మొదటి రోజు అమ్మ ఒక్కతే రొట్టెలు చేసి, ఒక్కతే కాల్చుకుంటూ, రెండు మాడ్చింది. అందరం తిన్నాం. పొలం కూడా పెద్దమనుషుల ముందు గట్టు పెట్టి చెరి సగం చేసుకున్నారు. ఒక్క గట్టి మాట కూడా పడలేదు. పడితే బాగుండేదని అమ్మ చాలా రోజులు అంది.

పదిరోజులకు వస్తాడన్న మదన్‌మోహన్ మార్చి నెలాఖరుకు వచ్చాడు. చెడిన ఫ్లాపీలు చూసి తప్పెక్కడో పట్టుకున్నాడు. అద్దాల గదిలో కూర్చుని నా నోటుబుక్కు మొదటినుంచి చివరిదాకా చదివాడు. నలభై ఒక్కసార్లు ఆగినట్టు రాసి ఉంది, ఏ రోజు, ఏ వేళ, ఏం చేస్తుంటే ఆగిందో. ఇంత శ్రద్ధగా ఎవరూ రాయలేదన్నాడు. దీని వల్ల మీకు ఏమన్నా నష్టం జరిగిందా, అది రాయలేదేం అని అడిగాడు. వరుస ఒకసారి పోయిందని, చేత్తో మళ్ళీ రాసుకున్నామని చెప్పాను. అంతేనా అన్నాడు. అంతే అన్నాను.

బాగుచేసిన ఫ్లాపీలు ఇచ్చి అతను వెళ్ళాక, ఇంద్రసేన సారు వచ్చే ఏటి సంగతి అడిగాడు. ఈసారి నాలుగు ఊళ్ళకు పెడదామన్నాను. ఒక్క మార్పు కావాలన్నాను. నాటిన తేదీ ఫీల్డుమాన్ చీటీ చూసి ఎక్కించకూడదు. రైతే వచ్చి చెప్పాలి, చూసినవాళ్ళు ఒకరుండాలి, వాళ్ళ పేరు కూడా పక్కన ఎక్కాలి. సారు ఒక్క నిమిషం ఆలోచించి, రాసుకోమన్నాడు.

ఏప్రిల్ మొదట్లో మిల్లు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి చెవులు అలవాటు పడటానికి రోజులు పట్టాయి. ఎండ తెల్లగా కాస్తుండగా ఒక మధ్యాహ్నం అద్దం అవతల ఎవరో నిలబడ్డట్టు అనిపించి తలెత్తాను. చిన్నాయిన. ఉతికిన ధోవతి, ఇస్త్రీ చొక్కా. అన్నేళ్ళూ మిల్లుకు చెరుకు తోలాడు గానీ ఈ గదిలోకి ఎన్నడూ రాలేదు. చెప్పులు విడిచి, లోపలి చల్లదనానికి కొంచెం ఆగి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

నా పేరు వేరె ఎక్కించు బిడ్డా అన్నాడు. ఇన్నేళ్ళూ సంగయ్య అనే రాశారు, పొలం ఒక్కటే గనక సరిపోయింది, ఇప్పుడు తనకూ ఎకరన్నర ఉంది గదా అన్నాడు. నేను పేరు అడిగాను, అతని పేరు నాకు తెలియనట్టు. అట్లా అడగాలని నియమం. సాయన్న అని చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. ఒక్కొక్క అక్షరం నేను కొడుతుంటే తెర మీద ఆకుపచ్చగా పడుతున్నదాన్ని వంగి చూస్తూ కూర్చున్నాడు.

ఎప్పుడు నాటినవ్ చిన్నాయినా అని అడిగాను.

"మొన్న బేస్తారం."

గురువారం తేదీ ఎక్కించి ఆగాను. తర్వాతి గడి ఖాళీగా ఉంది. చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అన్నాను, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా.

అతను గోడ మీది పంకా వంక చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మీ నాయిననే," అన్నాడు. "పొద్దు పొడవకముందే కత్తి పట్టుకొని వచ్చిండు. నేను పిలువలే. ఇత్తనం గడలన్ని తనే నరికిచ్చిండు."

ఖాళీ గడిలో సాక్షి సంగయ్య అని టైపు చేశాను.